ఖాళీ తొట్టితో మొదలుపెట్టాం: మా ఇంటి అడ్వెంట్ ప్రాజెక్టు డైరీ

నవంబరు 8, శనివారం

పోయిన క్రిస్మస్ రాత్రి మా పెద్దమ్మాయి లూకా సువార్త 2వ అధ్యాయంలోని మొదటి 20 వచనాలు ఎక్కడా తడబడకుండా అప్పజెప్పింది. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ సంతోషంలోనే అడిగాను, "యోసేపు, మరియ బేత్లెహేముకి ఎందుకు వెళ్ళారమ్మా?" అని. "యేసయ్య అక్కడే పుట్టాలి కదా, అందుకు" అంది. మరి తూర్పు నుంచి జ్ఞానులెప్పుడొచ్చారంటే "గొర్రెల కాపరులతోనే" అంది. చిన్నోడికైతే దూత, కాపరులు, జ్ఞానులు, ఒంటెలు అందరూ ఒకే రాత్రి ఒకే పాకలో ఉన్నవాళ్ళే. వాడు చూసిన బొమ్మల్లో అలాగే ఉన్నారు మరి.

తప్పు పిల్లలది కాదు. ఆ కథ మొత్తాన్ని మేమే ఒక్క రాత్రిలో కుమ్మరిస్తున్నాం. ఎదురుచూపు లేకుండా రాక ఎలా అర్థమవుతుంది?

అందుకని ఈ ఏడు పద్ధతి మారుస్తున్నాను. అడ్వెంట్ అనే మాటకు మూలమైన లాటిన్ పదానికి రాకడ అని అర్థం. క్రిస్మస్‌కి ముందు నాలుగో ఆదివారం నుంచి 24 సాయంత్రం వరకూ ఈ కథ రోజుకు కొంచెం చొప్పున నడవాలి. నేను చదివి వినిపించడంతో సరిపెట్టను. పిల్లలు బొమ్మల్ని తమ చేతులతో చేయాలి, ఆ చేతులతోనే జరపాలి. నియమం ఒక్కటే పెట్టుకున్నాం. తన రోజు రాకుండా ఎవరూ రాకూడదు. గబ్రియేలు దూత వచ్చే రోజు దాకా మరియ బొమ్మ బయటికి రాదు. జనాభా లెక్క కోసం రోమా చక్రవర్తి కైసరు ఆజ్ఞ వెలువడేదాకా ప్రయాణం లేదు. 24 రాత్రి దాకా పశువుల తొట్టిలో శిశువు లేడు.

నవంబరు 9

రాత్రి కూర్చుని 24 రోజులకు పట్టిక వేశాను. మొదటి 10 రోజులు పాత నిబంధన. తర్వాత వారం యోహాను తండ్రి జెకర్యా దగ్గర్నుంచి కైసరు ఆజ్ఞ దాకా. చివరి వారం ప్రయాణం. 10, 7, 7.

పాత నిబంధన రోజుల కోసం యెష్షయి చెట్టు కడుతున్నాం. యెషయా 11వ అధ్యాయం "యెష్షయి మొద్దునుండి చిగురు పుట్టును" అనే మాటతో మొదలవుతుంది. యెష్షయి దావీదు తండ్రి. చెట్టు నరికేసినట్టు రాజవంశం పోయినా ఆ మొద్దు నుంచి ఒక చిగురు వస్తుందని ప్రవక్త చెప్పాడు. మధ్యయుగపు చిత్రకారులు ఈ మాట పట్టుకునే క్రీస్తు వంశవృక్షాన్ని గీసేవారు. ఫ్రాన్సులో షార్ట్ర్ కెథీడ్రల్‌లో 12వ శతాబ్దపు గాజు కిటికీ ఒకటుంది. అందులో పడుకుని ఉన్న యెష్షయి నుంచి చెట్టు లేస్తుంది. మధ్యలో రాజులు, వాళ్ళపైన మరియ, అన్నిటికంటే పైన క్రీస్తు. ఇళ్ళల్లో కొమ్మ పెట్టి రోజుకొక గుర్తు వేలాడదీయడం చాలా తర్వాత వచ్చిన అలవాటు.

పేర్లు ఎంచుకోవడానికి మాత్రం చాలాసేపు పట్టింది. ముందు 30 దాకా రాశాను. యాకోబు కొడుకు యోసేపు రంగుల అంగీ, ఏలీయా, యోనా, అన్నీ పిల్లలకిష్టమైనవే. కొట్టేస్తుంటే మనసొప్పలేదు. చివరికి "ఈ మనిషి లేకపోతే క్రిస్మస్ కథలో ఏ ముక్క అర్థం కాదు?" అని ప్రశ్న వేసుకుని వడపోశాను. ఆదాము హవ్వలు, నోవహు, అబ్రాహాము, యాకోబు, మోషే, రాహాబు, రూతు, దావీదు, యెషయా, మీకా మిగిలారు. యోనాని తీసేశానని చిన్నోడు ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.

నవంబరు 16

బొమ్మల పని మొదలైంది. పుల్ల చుట్టూ మట్టి మందంగా పట్టించి, ఆరు బొమ్మలు చేసి ఎండలో పెట్టాం. సాయంత్రానికి నాలుగు నిలువునా పగిలాయి. యోసేపు రెండు ముక్కలయ్యాడు. పెద్దమ్మాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

కారణం తర్వాత తెలిసింది. మట్టి ఆరేకొద్దీ ముడుచుకుంటుంది, లోపలున్న పుల్ల ముడుచుకోదు. ఆ పట్టు దగ్గరే చీలిక వస్తుంది. పైగా ఎండలో పైపొర త్వరగా ఆరిపోతుంది, లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. అది రెండో దెబ్బ.

నవంబరు 22

రెండోసారి పుల్ల లేకుండా చేశాం. బొమ్మని గుడిసె ఆకారంలో చేసి, అడుగునుంచి వేలు పెట్టి లోపల బోలుగా తీశాం. గోడ అర అంగుళం మించకుండా చూశాం. ఒక్కో బొమ్మ 7, 8 సెంటీమీటర్ల ఎత్తు. చిన్నోడి గుప్పిట్లో పట్టాలి కదా, అందుకే అంత. తడిగుడ్డ కప్పి నీడలో ఉంచి, రెండో రోజు గుడ్డ తీసేశాం. నాలుగు రోజులకు పూర్తిగా ఆరాయి. సన్నటి పగుళ్ళు రెండు మూడు వస్తే, అదే మట్టిని నీళ్ళలో జారుగా కలిపి పూశాం. ఒక్కటీ విరగలేదు.

జ్ఞానులు ముగ్గురు చాలనుకున్నాను. పెద్దమ్మాయి మత్తయి 2వ అధ్యాయం తీసి, రెండుసార్లు చదివి, "ఎంతమందో ఇక్కడ లేదమ్మా. కానుకలే మూడు" అంది. నిజమే. బంగారం, సాంబ్రాణి, బోళం అని కానుకల లెక్క ఉంది, మనుషుల లెక్క లేదు. ముగ్గురనేది తర్వాతి సంప్రదాయం. దాంతో తను నలుగుర్ని చేసింది. నేను కాదనలేదు.

శిశువు బొమ్మ బొటనవేలంత. పొత్తిగుడ్డలు చుట్టిన గీతలు అగ్గిపుల్లతో గీశాం. దాన్ని చిన్న పెట్టెలో పెట్టి, దూది కప్పి, బీరువా సొరుగులో దాచాను.

నవంబరు 23

అత్తయ్య ఇవన్నీ చూస్తూనే ఉన్నారు. ఈ రోజు అడిగారు, "ఏమ్మా, ఇవన్నీ వాక్యంలో ఉన్నాయా?" అని. న్యాయమైన ప్రశ్నే. అడ్వెంట్ పాటించాలని వాక్యంలో ఎక్కడా లేదు. కొన్ని సంఘాలు శతాబ్దాలుగా పాటిస్తున్నాయి, కొన్ని అసలు పాటించవు. నేను అదే చెప్పాను. "అయితే ఏది వాక్యమో, ఏది మనుషులు కల్పించుకున్నదో పిల్లలకి విడదీసి చెప్పు. కలిపేశావంటే రేపు రెండూ వదిలేస్తారు" అన్నారు.

ఈ ప్రాజెక్టులో నాకు దొరికిన అన్నిటికంటే మంచి సలహా ఇది. వెంటనే రెండు బుట్టలు పెట్టాం. ఒకదాని మీద "వాక్యంలో ఉంది", రెండోదాని మీద "మనం చేర్చుకున్నది" అని పెద్దమ్మాయి రాసింది. బొమ్మ చేసిన వెంటనే వాక్యం తెరిచి చూసి దాని బుట్టలో వేయాలి. మొదట పట్టుబడింది గాడిద. మరియ గాడిద మీద వెళ్ళినట్టు సువార్తల్లో లేదు. తొట్టి దగ్గర ఎద్దూ గాడిదా ఉన్నట్టు కూడా లేదు. ఎద్దు తన యజమానిని, గాడిద తన యజమాని దొడ్డిని ఎరుగునని యెషయా 1వ అధ్యాయంలో ఒక మాట ఉంది. దాన్నిబట్టే అవి ఈ దృశ్యంలోకి వచ్చాయంటారు. 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో అస్సీసీ ఊరి సన్యాసి ఫ్రాన్సిస్ క్రిస్మస్ దృశ్యం ఏర్పాటు చేసినప్పుడు గడ్డి పరిచి, నిజమైన ఎద్దునీ గాడిదనీ తెప్పించాడు. సత్రం యజమాని కూడా వాక్యంలో లేడు. సత్రంలో స్థలం లేదన్న ఒక్క మాటే ఉంది. తలుపు తీసి పొమ్మన్న మనిషిని నాటకాలే పుట్టించాయి.

గాడిదను పారేయలేదు. రెండో బుట్టలో ఉంది. పిల్లలకి అదంటే ప్రాణం.

నవంబరు 27

పట్టికలో తప్పు దొరికింది. నేను డిసెంబరు 1 నుంచి లెక్కేసుకున్నాను, అచ్చు వేసిన అడ్వెంట్ క్యాలెండర్లలో ఉన్నట్టు. కానీ ఈ ఏడు నాలుగు ఆదివారాల లెక్క చూస్తే మొదటిది నవంబరు 30. అడ్వెంట్ మొదటి ఆదివారం ఏటా నవంబరు 27కీ డిసెంబరు 3కీ మధ్య వస్తుంది. అందుకని ఈ కాలం కొన్నేళ్ళు 22 రోజులే, కొన్నేళ్ళు 28 రోజులు. ఈసారి 25. నా దగ్గరున్నవి 24.

ఒక రోజు తక్కువ. ఏం చేర్చాలా అని రెండు రోజులు ఆలోచించాను. యోనా కోసం చిన్నోడు మళ్ళీ అర్జీ పెట్టాడు. చివరికి ఆదాము కంటే ముందుకు వెళ్ళి ఆదికాండం మొదటి అధ్యాయం పెట్టాను. వెలుగు. మొదటి ఆదివారం మొదటి కొవ్వొత్తి వెలిగించే సాయంత్రానికే వెలుగు కలుగును గాక అన్న మాట వస్తుంది. లెక్క సరిగ్గా వేసుంటే నాకిది తట్టేదే కాదు.

ఇప్పుడు 11, 7, 7.

నవంబరు 29

అడ్వెంట్ వలయం కట్టాం. ఆదివారానికొకటి చొప్పున నాలుగు కొవ్వొత్తులు, చుట్టూ పచ్చటి ఆకులు, మధ్యలో క్రిస్మస్ కోసం ఒక తెల్ల కొవ్వొత్తి. దీని వెనక కథ పిల్లలకి బాగా నచ్చింది. 1839లో జర్మనీలోని హాంబర్గ్‌లో యోహాన్ హిన్రిచ్ విఖెర్న్ అనే పాస్టర్ పేద పిల్లల కోసం ఒక ఆశ్రమం నడిపేవాడు. ఆ పిల్లలు క్రిస్మస్ ఎప్పుడు, ఎప్పుడని రోజూ అడుగుతుంటే, ఆయన పాత బండి చక్రం తీసుకుని 20 చిన్న ఎర్ర కొవ్వొత్తులు, 4 పెద్ద తెల్ల కొవ్వొత్తులు అమర్చాడు. మామూలు రోజుకు చిన్నది, ఆదివారానికి పెద్దది. మొత్తం 24. ఆ ఏడు డిసెంబరు 1 ఆదివారం, లెక్క అచ్చంగా సరిపోయింది. ఇళ్ళల్లోకి వచ్చేసరికి నాలుగే మిగిలాయి.

ఊదారంగువి మూడు, మూడో ఆదివారానికి గులాబీరంగుది ఒకటి. అది చాలా సంఘాల్లో ఉన్న వాడుక. గులాబీది దొరక్క తెల్లదానికి రంగు కాగితం చుడదామనుకున్నాను. మా వారు ఒప్పుకోలేదు. మంట దగ్గర కాగితం ఏంటన్నారు. నిజమే కదా. కొవ్వొత్తికి కాకుండా కింద మట్టి ప్రమిదకి రిబ్బను కట్టాం. ఆకులు ఎండితే నిప్పుకి సిద్ధంగా ఉన్నట్టే. అందుకని ప్రతి శనివారం పాతవి తీసేసి పచ్చివి పెట్టాలి. పెద్దవాళ్ళు కూర్చుని ఉన్నంతసేపే మంట ఉండాలి. పక్కన నీళ్ళ చెంబు ఉండాలి. ఇది చదివి ఎవరైనా మొదలుపెడితే ఈ ఒక్క పేరా వదిలేయొద్దు.

తలుపు మీద సుద్దతో 25 గీతలు గీశాం. 19వ శతాబ్దంలో జర్మనీలో కొన్ని ప్రొటెస్టెంట్ కుటుంబాలు ఇలా 24 గీతలు గీసి పిల్లల చేత రోజుకొకటి చెరిపించేవారు. రోజుకొక కాగితం కిటికీ తెరిచే అడ్వెంట్ క్యాలెండర్లు ఆ తర్వాతే వచ్చాయి. చదవడం రాని మా చిన్నోడికి చెరపడంలో ఉన్న ఆనందం అంతా ఇంతా కాదు.

నవంబరు 30, మొదటి ఆదివారం

లైట్లన్నీ ఆర్పేశాం. చీకట్లో ఒక నిమిషం ఊరికే కూర్చున్నాం. చిన్నోడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆదికాండం మొదటి మూడు వచనాలు చదివి, మా వారు కొవ్వొత్తి వెలిగించారు. ఒక్క కొవ్వొత్తికి గదంతా కనిపించడం నాకే ఆశ్చర్యంగా ఉంది. రోజూ కరెంటు వెలుగులో కూర్చుంటాం కాబట్టి మర్చిపోయాం.

ఎండు కొమ్మకి మొదటి గుర్తు వేలాడదీశాం. నల్ల అట్టముక్క మీద ఒక పసుపు చుక్క. బల్ల కింద మూల ఖాళీ తొట్టి పెట్టాం.

డిసెంబరు 4

గడ్డిపరకల పద్ధతి మార్చాల్సి వచ్చింది. చాలా ఇళ్ళల్లో ఉన్న అలవాటే. పిల్లలు ఒక మంచి పని చేస్తే తొట్టిలో ఒక గడ్డిపరక వేస్తారు, క్రిస్మస్‌కి శిశువుకు మెత్తటి పడక తయారవుతుంది. ఆలోచన ఎంత బాగుందో అనుకున్నాను. నాలుగు రోజుల్లోనే పెద్దమ్మాయి తొమ్మిది పరకలు వేసింది. చిన్నోడు రెండే వేశాడు. ఈ రోజు సాయంత్రం వాడు అక్క పరకలు తీసి దాచేశాడు. తను అరిచింది, వాడు ఏడ్చాడు.

ఆ ఏడుపు చూస్తుంటే నాకు మనసులో గుచ్చుకుంది. మన మంచితనం కూడబెట్టుకుంటేనే యేసయ్య వస్తాడని నేను నేర్పుతున్నానా? సువార్త చెప్పేది అది కాదు కదా. ఆయన రావడం మనకు ఉచితంగా దొరికిన మేలు.

వెంటనే తిప్పేశాను. ఇక మీదట నువ్వు చేసినదానికి కాదు, నీకు వేరేవాళ్ళు చేసినదానికి పరక వేయాలి. ఎవరు ఏం చేశారో పైకి చెప్పి వేయాలి. చిన్నోడు చాలాసేపు ఆలోచించి, "అక్క నాకు బూట్ల తాడు కట్టింది" అని ఒకటి వేశాడు. అంతసేపూ మూతి ముడుచుకుని కూర్చున్న పెద్దమ్మాయి మొహం ఒక్కసారిగా మారిపోయింది.

డిసెంబరు 6

రాహాబు. కొమ్మకి ఎర్ర దారం కట్టాం, అంతే. అన్ని గుర్తుల్లో తేలికైనది, కంటికి బాగా ఆనేది ఇదే. యెరికో గోడ మీద ఇల్లున్న స్త్రీ, వేగులవాళ్ళను దాచింది, కిటికీకి ఎర్ర దారం కట్టుకుని తన ఇంటివాళ్ళందర్నీ కాపాడుకుంది అని చెప్పాను. మత్తయి మొదటి అధ్యాయంలో వంశావళి మూడు పద్నాలుగు తరాలుగా ఉంటుంది. చదివేటప్పుడు మనం దాటేసే పేజీ అది. అందులో ఐదుగురు స్త్రీలున్నారు. తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య, మరియ. తామారు కథ ఈ వయసుకు చెప్పలేను, పేరు మాత్రం చదివించాను. రాహాబు యెరికో స్త్రీ, రూతు మోయాబు స్త్రీ. ఇద్దరూ బయటివాళ్ళే. పెద్దమ్మాయి "అంటే దావీదుకి ముత్తవ్వ మోయాబు ఆవిడా?" అని లెక్కేసింది. బోయజు, ఓబేదు, యెష్షయి, దావీదు. లెక్క సరిపోయింది. వంశావళి మొదటిసారి తనకు మనుషుల కథగా కనిపించినట్టుంది, వెళ్ళి మళ్ళీ మొదటి నుంచి చదువుకుంది.

డిసెంబరు 7

రెండో కొవ్వొత్తి. నిన్నే ఆకులు మార్చాం.

డిసెంబరు 11

జెకర్యా రోజు. దూత మాట నమ్మనందుకు ఆయన మూగవాడయ్యాడు, బిడ్డకు పేరు పెట్టే దాకా మాట రాలేదు. కథ చెప్పుకునే పావుగంటలో మా వారు జెకర్యా. ఈ రోజు నుంచి జెకర్యా కొడుకు యోహాను పుట్టే 15వ తారీఖు దాకా ఆ పావుగంటలో నోరు తెరవకూడదు, ఏం చెప్పాలన్నా పలక మీద రాయాలి. పిల్లలు ఆయన్ని మాట్లాడించడానికి చేయని ప్రయత్నం లేదు. ఆయన మాత్రం కదల్లేదు.

డిసెంబరు 12

గబ్రియేలు నజరేతుకి వచ్చాడు, మరియ బొమ్మ మొదటిసారి బయటికి వచ్చింది. పిల్లల పడకగది కిటికీ గట్టు నజరేతు.

పొద్దున్న లేచి చూస్తే తొట్టిలో శిశువు ఉన్నాడు! సొరుగు చిన్నోడే తీశాడు. కోపం రాబోయి ఆగిపోయాను. ఎందుకు పెట్టావు నాన్నా అని అడిగితే, "రోజూ ఖాళీగా ఉంటోంది. చూస్తే ఏదోలా ఉంది" అన్నాడు. ఇన్నాళ్ళు నేను మాటల్లో చెప్పలేకపోయిన ఎదురుచూపు ఇదే. ఆ "ఏదోలా" అన్నది ఈ నెలంతా ఉండాలి. వాడికి అదే చెప్పాను. వందల ఏళ్ళు జనానికి అలాగే ఉండేదని, అయినా ఓపిక పట్టారని చెప్పాను. తర్వాత శిశువు పెట్టెను సొరుగులో పెట్టకుండా వాడి చేతికే ఇచ్చాను. 24 రాత్రి దాకా కాపలా నీదేనన్నాను. అప్పట్నుంచి ఆ పెట్టె వాడి తలగడ పక్కనే ఉంటోంది. తెరవడం లేదు.

డిసెంబరు 14, మూడో ఆదివారం

గులాబీ రిబ్బను కొవ్వొత్తి వెలిగే రోజు, సంతోషపు ఆదివారం. పట్టికలో ఈ రోజుకు మరియ పాట వచ్చింది. నేను కావాలని పెట్టింది కాదు, దానంతటదే వచ్చి కూర్చుంది. నిన్న జెకర్యా భార్య ఎలీసబెతు గర్భంలో శిశువు గంతులు వేశాడు, ఈ రోజు మరియ పాడింది. బలవంతులను సింహాసనాల నుంచి దింపే దేవుడి పాట ఇది. జోలపాటలా మెత్తగా పాడే అలవాటు మాది. ఈసారి నిలబడి గట్టిగా చదివాం. అత్తయ్య గొంతు అందరికంటే పైన వినిపించింది.

డిసెంబరు 15

"అతని పేరు యోహాను" అని మా వారు పలక మీద రాసి, వెంటనే పెద్దగా మాట్లాడారు. ఐదు రోజుల తర్వాత కథలో నాన్న గొంతు వినగానే ఇద్దరూ చప్పట్లు కొట్టారు.

డిసెంబరు 18

నిన్న కైసరు ఔగుస్తు ఆజ్ఞ చదివాం. ప్రజా సంఖ్య. దావీదు వంశంవాడు కాబట్టి యోసేపు దావీదు ఊరైన బేత్లెహేముకి వెళ్ళి పేరు రాయించుకోవాలి. పోయిన ఏడు నేనడిగిన ప్రశ్నకి జవాబు ఇదే. పెద్దమ్మాయి తనంతట తనే అంది, "రాజు తన లెక్క కోసం పిలిచాడు, కానీ బేత్లెహేములో పుడతాడని మీకా చెప్పిందే జరుగుతోంది" అని. కొమ్మ మీద వేలాడుతున్న మీకా అట్టముక్క వైపు చూసి అంది. దాన్ని 10వ తారీఖున తనే కట్టింది.

ఈ రోజు నడక మొదలైంది. నజరేతు నుంచి బేత్లెహేముకి దారిని బట్టి 120 నుంచి 150 కిలోమీటర్లు. మేం 140 అనుకున్నాం. ఒక టైల్‌కి 5 కిలోమీటర్లు. పిల్లల గది కిటికీ నుంచి హాల్లో బల్ల దాకా వంకర టింకరగా 28 టైళ్ళు వచ్చేలా దారి గీశాం. రోజుకు నాలుగు టైళ్ళు, అంటే 20 కిలోమీటర్లు. ఏడు రోజులు. నిండు గర్భిణి అంత నడవగలదా అని మా వారు అడిగారు. ఎన్ని రోజులు పట్టిందో లూకా రాయలేదు, కాబట్టి ఈ రోజుల లెక్క రెండో బుట్టలోది. పిల్లలకి అదే చెప్పాం.

నాలుగు టైళ్ళు జరిపాక ఒక యాత్రకీర్తన చదువుతున్నాం. 120 నుంచి 134 దాకా ఉన్న 15 కీర్తనలకు ఆ పేరుంది. యెరూషలేము పండుగలకు ఎక్కి వెళ్ళేవాళ్ళు పాడుకునేవని చెబుతారు. ఏడే తీసుకున్నాం. కొండల వైపు కన్నులెత్తే 121వది ఈ రోజు. దారిలో అడ్డంగా పడేసిన బూట్లే కొండలు.

డిసెంబరు 21

నాలుగు కొవ్వొత్తులూ వెలుగుతున్నాయి. అన్నీ ఒకే ఎత్తువి కొన్నాం, ఇప్పుడు మెట్లలా ఉన్నాయి. మొదటిది సగానికి పైగా కరిగింది, నాలుగోది కొత్తది. చిన్నోడు మొదటిదాన్ని చూపించి "ఇది ఎక్కువ రోజులు కనిపెట్టుకుని ఉంది" అన్నాడు.

డిసెంబరు 24

చివరి గీత చెరిపేశాడు. చివరి నాలుగు టైళ్ళూ పిల్లలిద్దరూ కలిసి నడిపించారు. పెద్దమ్మాయి మరియను పట్టుకుంది, చిన్నోడు యోసేపును. గాడిద కూడా వెనకాలే వచ్చింది.

లైట్లార్పి నాలుగూ వెలిగించి లూకా 2 మొదలుపెట్టాను. ఏడో వచనం దగ్గర ఆగాను. చిన్నోడు వెళ్ళి తలగడ పక్కనున్న పెట్టె తెచ్చాడు. దూది తీశాడు. రెండు చేతులతో తొట్టిలో, గడ్డిపరకల మీద పెట్టాడు. ఎవరం ఏమీ మాట్లాడలేదు. మధ్యలోని తెల్ల కొవ్వొత్తిని అత్తయ్య వెలిగించారు.

ఆ తర్వాత కాపరులు. వాళ్ళు గది అవతలి చివర చాప మీద గొర్రెలతో ఉన్నారు. దూత వాళ్ళకిచ్చిన ఆనవాలు చదువుతుంటే పెద్దమ్మాయి నన్ను ఆపింది. "అమ్మా, గుర్తు తొట్టేనా? నక్షత్రం కాదా?" అంది. తొట్టేనమ్మా. పొత్తిగుడ్డలతో చుట్టి తొట్టిలో పడుకోబెట్టిన శిశువే గుర్తు. తను 25 రోజులుగా రోజూ చూస్తున్న ఖాళీ తొట్టి. ఈ అధ్యాయమంతా పోయిన ఏడే కంఠతా పట్టిన పిల్ల, ఆ వచనాన్ని కొత్తగా విన్నదానిలా నా చేతిలోంచి పుస్తకం తీసుకుని మళ్ళీ తనే చదివింది.

డిసెంబరు 25

నలుగురు జ్ఞానులు ఇంటికి తూర్పున ఉన్న గది నుంచి బయల్దేరారు. వాళ్ళ రాకను గుర్తుచేసుకునే జనవరి 6 దాకా నడవాలి.

జనవరి 4

జ్ఞానులు నేరుగా బేత్లెహేముకి రాలేదు, ముందు యెరూషలేములో హేరోదు రాజు దగ్గరికి వెళ్ళారు. ప్రధానయాజకులు, శాస్త్రులు మీకా వచనం టక్కున చెప్పారు, బేత్లెహేములోనే పుడతాడని. యెరూషలేము నుంచి బేత్లెహేము ఎంత దూరమని పిల్లలు అడిగారు. 8, 9 కిలోమీటర్లు. మా లెక్కలో రెండు టైళ్ళు కూడా కాదు. పెద్దమ్మాయి నేల మీద కూర్చుని ఆ రెండు టైళ్ళ వైపు చూస్తూ ఉండిపోయింది. "వచనం తెలిసి కూడా వాళ్ళు వెళ్ళలేదా?" అంది. వాళ్ళు వెళ్ళినట్టు మత్తయి రాయలేదు. ఎంతో దూరం నుంచి వచ్చినవాళ్ళే వెళ్ళారు. పిల్లకు వచనాలు కంఠతా పట్టించేది నేనే కాబట్టి ఆ ప్రశ్న నాక్కూడా తగిలింది.

జనవరి 6

వచ్చేశారు. మత్తయి "ఇల్లు" అంటాడు, తొట్టి అనడు. అందుకని పొద్దున్నే శిశువునీ మరియనీ అట్టపెట్టెతో చేసిన ఇంట్లోకి మార్చాం. కానుకలు పెట్టాక జ్ఞానులు వేరే దారిన, వంటగది మీదుగా వెళ్ళిపోయారు. హేరోదు ఏం చేశాడో పెద్దమ్మాయికి విడిగా, క్లుప్తంగా చెప్పాను. చిన్నోడికి మాత్రం ఒక చెడ్డ రాజు వెతుకుతున్నాడు, అందుకే మరియ, యోసేపు శిశువుని తీసుకుని రాత్రికి రాత్రి ఐగుప్తుకు పారిపోయారు అని చెప్పాను. ఐగుప్తు అంటే పుస్తకాల అలమర పై అర.

జనవరి 10, శనివారం

అన్నీ సర్దాం. కొమ్మ మీది అట్టముక్కలు కవరులోకి, బొమ్మలు పాత గుడ్డల మధ్యకి, ఎండిన ఆకులు మొక్కల మొదట్లోకి. వచ్చే ఏడు నవంబరు 29 మొదటి ఆదివారం, అప్పుడు 26 రోజులు. ఈసారి ముందే లెక్కేశాను. ఆ 26వ రోజు యోనాకి ఇస్తానని చిన్నోడికి మాటిచ్చాను.

పై అరలో ఉన్న ముగ్గుర్ని దించబోతే వాడు అడ్డం పడ్డాడు. "హేరోదు ఇంకా చనిపోలేదమ్మా" అన్నాడు. హేరోదు చనిపోయాడని చెప్పే మత్తయి 2లో 19వ వచనం మేమింకా చదవలేదు. మిగతా పెట్టెలన్నీ అటక ఎక్కాయి. ఆ ముగ్గురూ ఇంకా ఐగుప్తులోనే ఉన్నారు, రేపు సాయంత్రం చదువుతాం.